అసర్ట్ : గట్టిగా పలుకుట, గట్టిగా నిలుచుట

మన బరంపురములోను, గంజాం జిల్లాలోని ఇతర పట్టణములలోను చదువుకొను తెలుగు బాలబాలికలకు మూడు భాషలతో నిత్యసహవాసము. ఇంట తెలుగు, బజారులోను కచేరీలలోను ఒడియా, పాఠ్యపుస్తకములలోను దరఖాస్తులలోను ఆంగ్లము. మూడు భాషలు వచ్చుట భాగ్యమే. కాని మూడింటిలోను మాటలు తెలిసియుండియు, చెప్పవలసిన చోట నోరు పెగలక నిలిచిపోవు పిల్లలను, పెద్దలను మేము తరచుగా చూచుచున్నాము. చెప్పనక్కరలేని చోట పెద్ద గొంతుతో అరచి, పని చెడగొట్టుకొనువారు కూడ లేకపోలేదు. ఈ ఇరువురును తెలిసికొనదగిన ఆంగ్లక్రియ యొకటి కలదు. అది “అసర్ట్”. నిఘంటువు తెరచినచో “నొక్కి చెప్పు” అని అర్థము కనబడును. అది నిజమే గాని సగము నిజము. మిగిలిన సగమును విద్యార్థులకు, వారి తలిదండ్రులకు విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా మాట రూపము చూతము. ఇందు పలుకులు రెండు. మొదటిది తేలికగా జారిపోవును. ఊనిక యంతయు రెండవదానిపై నుండవలెను. దీనికి భూతకాలరూపము “అసర్టెడ్”. నామవాచకము “అసర్షన్”. విశేషణము “అసర్టివ్”. ఇది సకర్మకక్రియ, కర్మ లేక నిలువదు. దీని తరువాత “దట్” అను పదముతో ఒక వాక్యము రావచ్చును. లేదా హక్కు, అధికారము, స్వాతంత్ర్యము వంటి నామవాచకము రావచ్చును. లేదా “తన్ను తాను” అను అర్థమిచ్చు సర్వనామము రావచ్చును. ఎవరితో చెప్పితిమో ఆ మనిషిని తెలిపెడి పదమును దీని ప్రక్కనే ఉంచరాదు. “హి టోల్డ్ మి దట్” అనవచ్చును గాని “హి అసర్టెడ్ మి దట్” అనుట తప్పు. పరీక్షలలో మన పిల్లలు పలుమారు చేయు తప్పు ఇదియే.

ఇక పుట్టుక. లాటిను భాషలో “సెరెరె” అను ధాతువునకు కూర్చుట, దండగా గుచ్చుట అని యర్థము. దాని నుండియే “సీరీస్” వచ్చినది. అనగా ఒకదాని వెంట నొకటిగా కూర్చిన వరుస. లోపల కూర్చినచో “ఇన్సర్ట్”, బయటకు చాచినచో “ఎగ్జర్ట్”, కూర్పు విడిపోయినచో “డిజర్ట్”, అనగా విడిచిపోవుట. ఒకదానిని మరియొకదానికి చేర్చినచో “అసర్ట్”. ఇట్లు ఒక్క ధాతువు తెలిసినచో అయిదు మాటలు ఒక్కసారిగా చేతికి వచ్చును. వేరు వేరుగా బట్టీ పట్టుట కంటె ఇది సులభము, శాశ్వతము.

చేర్చుట అను అర్థము గల మాటకు గట్టిగా చెప్పుట అను అర్థమెట్లు వచ్చినది? దీనికి రోమను న్యాయశాస్త్రములో సమాధానమున్నది. ప్రాచీన రోమునందు బానిసలుండిరి. ఒక మనుష్యుడు బానిసయా, స్వతంత్రుడా అను వివాదము పుట్టినప్పుడు అతడు న్యాయస్థానమున తన కొఱకు తాను వాదించుకొనుటకు వీలు లేదు. పౌరుడైన మరియొకడు ముందుకు వచ్చి, అతనిపై చేయి వేసి, “ఇతడు స్వతంత్రుడు” అని పలుకవలెను. అట్లు పలికిన వానిని “అసెర్టోర్” అనిరి. చేయి చేర్చుటయు, మాట పలుకుటయు అచ్చట ఒక్కటే కార్యము. తరువాత క్రీస్తుశకము 6వ శతాబ్దమున జస్టీనియన్ చక్రవర్తి తన ధర్మసంహితయందు ఈ మధ్యవర్తి అవసరమును తొలగించెను. నాటి నుండి స్వాతంత్ర్యము కోరువాడు తన మాట తానే చెప్పుకొనవచ్చును. ఈ క్రియ ఆంగ్లమున సుమారు 17వ శతాబ్ది ఆరంభము నుండి కనబడుచున్నది.

ఈ కథను పిల్లలు మరువరాదు. “అసర్ట్” అనగా మొదట కేక వేయుట కాదు, చేయి వేయుట. నోరు లేని వాని పక్షమున నిలుచుట. ఆ పిమ్మటనే తన పక్షమున తాను నిలుచుట. ఈ మూలార్థము నేటి మూడు అర్థములలోను ఏదో యొక రూపమున మిగిలియే యున్నది.

మొదటి అర్థము: ఒక విషయము సత్యమని నిస్సంశయముగా చెప్పుట. “షి అసర్టెడ్ దట్ ద లెటర్ వాజ్ జెన్యూన్” అనగా “ఆ ఉత్తరము నిజమైనదే యని ఆమె నొక్కి చెప్పినది” అని భావము. రెండవ అర్థము: హక్కును గాని అధికారమును గాని నిలుపుకొనుట. “దె అసర్టెడ్ దెయిర్ రైట్స్” అనగా “వారు తమ హక్కులను నిలుపుకొనిరి” అని. ఇచ్చట నోటిమాట ఒక్కటే చాలదు. ఆచరణ కూడ కావలెను. మూడవ అర్థము: తన్ను తాను కనబరచుకొనుట, వెనుకకు తగ్గకుండుట. “యు షుడ్ అసర్ట్ యువర్‌సెల్ఫ్” అని గురువు శిష్యునితో అన్నచో, “నీ మాట నీవు ధైర్యముగా చెప్పుకొనవలెను” అని హితవు చెప్పినట్లు.

ఇచ్చట ఒక మెలకువ చెప్పవలెను. ఆంగ్లేయులు సామాన్యసంభాషణలో “ఐ అసర్ట్” అని తమ గురించి తాము చెప్పుకొనుట అరుదు. అట్లన్నచో వకీలు వాదించినట్లుండును. ఈ మాటను ఎక్కువగా ఇతరుల పలుకులను తెలుపునప్పుడు వాడుదురు. వార్తాపత్రికలో ఒక మంత్రి ఫలానా సంగతి “అసర్టెడ్” అని చదివినప్పుడు, అతడు గట్టిగా చెప్పినాడని మాత్రమే మనము గ్రహింపవలెను, నిరూపించినాడని గ్రహింపరాదు. “మియర్ అసర్షన్” అను ప్రయోగమే యున్నది. ఆధారము లేని వట్టి ఉద్ఘాటన యని దాని భావము.

దీనికి ఇరుగుపొరుగు క్రియలు పెక్కు కలవు. “స్టేట్” అనగా ఉన్నదున్నట్లు చెప్పుట, ఉద్వేగము లేదు. “డిక్లేర్” అనగా నలుగురి యెదుట ప్రకటించుట. “క్లెయిమ్” అనగా ఇది నాది, లేదా ఇది నిజము అని కోరుట; వినువానికి అనుమానము మిగులవచ్చును. “అలెజ్” అనగా ఇంకను రుజువు కాని నేరమును మోపుట, అనగా ఆరోపించుట. “ఇన్సిస్ట్” అనగా పట్టుబట్టుట; ఎదుటివాడు వలదన్నను విడువకుండుట. “మెయిన్‌టెయిన్” అనగా ఎందరు కాదన్నను అన్న మాటపైననే నిలుచుట. “అఫర్మ్” అనగా అవునని ధ్రువపరచుట. మన రాజ్యాంగము మూడవ అనుసూచికలో పదవీస్వీకారము చేయువారికి రెండు దారులు చూపబడినవి: దైవసాక్షిగా ప్రమాణము చేయవచ్చును, లేదా “సాలెమ్‌లీ అఫర్మ్” అని ఆత్మసాక్షిగా పలుకవచ్చును. వీని నడుమ “అసర్ట్” స్థానము స్పష్టము: స్టేట్ కంటె బలమైనది, అలెజ్ కంటె గౌరవమైనది, ఇన్సిస్ట్ కంటె శాంతమైనది.

మన తెలుగున ఈ భావమునకు కొఱత లేదు. నొక్కి వక్కాణించుట, ఘంటాపథముగా చెప్పుట, కుండ బద్దలు కొట్టినట్లు చెప్పుట, బల్ల గుద్ది చెప్పుట అని ఎన్నియో నుడికారములు. ఇవి యన్నియు ఒక్కటి కావు. కుండ బద్దలు కొట్టుటలో దాపరికము లేకుండుట ముఖ్యము. బల్ల గుద్దుటలో ఆవేశము ముఖ్యము. ఘంటాపథమునందు సంశయము లేకుండుట ముఖ్యము. కనుక “అసర్ట్” అను మాటను తెనిగించునప్పుడు సందర్భమును బట్టి ఎన్నుకొనవలెను. హక్కుల విషయమున “నిలుపుకొను” అనుటయే తగును. “నొక్కి చెప్పు” అన్నచో చాలదు.

అంతేకాదు. తెలుగున క్రియతో పని లేకయే, ఒక్క అచ్చుతో ఊనిక తెచ్చుకొనవచ్చును. “ఇది నా పుస్తకము” అన్నచో సమాచారము. “ఇది నా పుస్తకమే” అన్నచో ఉద్ఘాటన. ఈ ఏకారమును వ్యాకరణమున అవధారణార్థకమందురు. మన ఒడియా మిత్రులు “హిఁ” అను అవ్యయముతో ఇదే పని చేయుదురు. “జోర్ దేఇ కహిబా” అను వారి పలుకుబడి మన “నొక్కి చెప్పుట”కు సరిసమానము. ఆంగ్లమునకు ఇట్టి ప్రత్యయము లేదు. అందుచేత వారు గొంతులోని ఊనికను ఆశ్రయింతురు, లేదా “ఐ డు నో” అనునట్లు “డు” అను సహాయక్రియను చేర్చుదురు. మూడు భాషల పద్ధతులను పోల్చి చూచినచో ఏ భాషయు బీదది కాదని తెలియును. ఒకదానికి ప్రత్యయము, ఒకదానికి అవ్యయము, ఒకదానికి స్వరము.

గట్టిగా చెప్పుటకు ఆధారమేమి? ఇది ముఖ్యమైన ప్రశ్న. నేటి పరీక్షలలో “అసర్షన్, రీజన్” అను పేరిట ఒక తరహా ప్రశ్నలు వచ్చుచున్నవి. మొదట ఒక నిశ్చితవాక్యము, దాని క్రింద ఒక కారణవాక్యము ఇచ్చెదరు. రెండును నిజమా, రెండవది మొదటిదానికి సరియైన కారణమా అని అడుగుదురు. రెండును నిజమైయుండియు, ఒకటి మరియొకదానికి కారణము కాకపోవచ్చును. ఇందలి నీతిని జీవితమునకు కూడ అన్వయించుకొనవచ్చును: మన మాట నిజమైనంత మాత్రమున చాలదు, దానికి చూపిన కారణము దానిదే కావలెను.

గణనయంత్రముల విద్యలోను ఈ మాట కలదు. 1949లో అలెన్ ట్యూరింగ్ అను ఆంగ్ల గణితవేత్త, పెద్ద ప్రోగ్రామును సరిచూచుటెట్లు అను విషయముపై ఒక పత్రము వ్రాసెను. ప్రోగ్రాము నడుమ నడుమ “ఇచ్చట ఇది ఇట్లుండి తీరవలెను” అను నిశ్చితవాక్యములను నిలిపినచో, ఒక్కొక్కదానిని విడిగా సరిచూచుకొనవచ్చునని అందు సూచించెను. నేడు సి, పైథాన్ వంటి కంప్యూటరు భాషలలో “అసర్ట్” అను పేరుతోనే ఒక ఆదేశమున్నది. చెప్పినది తప్పైనచో సాధారణముగా ప్రోగ్రాము అచ్చటనే నిలిచిపోవును. అనగా మాట తప్పైనచో ముందుకు సాగకుండుట యంత్రమునకు కూడ ధర్మమైనది.

ఇక మన గంజాం సంగతి. ఈ మాటకు మన జిల్లా చరిత్రయే మంచి వ్యాఖ్యానము. 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు గంజాం మదరాసు రాజధానిలో భాగము. అప్పుడు ఇచ్చటి ఒడియా ప్రజలు ఆ విశాలరాష్ట్రమున అల్పసంఖ్యాకులు. తమ భాషకు చోటు కావలెనని వారు అర్జీలు పెట్టిరి, సభలు జరిపిరి. 1903లో కటకమున మధుసూదన దాసు గారి నాయకత్వమున ఉత్కళ సమ్మేళనము సమావేశమైనది. 1931లో ఓడొనెల్ అధ్యక్షతన సరిహద్దుల సంఘము ఏర్పడినప్పుడు ఒడియావారును, తెలుగువారును తమ తమ వాదములను వినిపించిరి. 1936లో ఒడిస్సా రాష్ట్రము వేరుపడినది. బరంపురము, పర్లాకిమిడి ఒడిస్సాలో చేరినవి. ఇచ్ఛాపురము మదరాసులో నిలిచినది. నాటి నుండి ఈ గడ్డపై అల్పసంఖ్యాకులు తెలుగువారు. ఒకే నేలపై ఒకప్పుడు వారు, ఒకప్పుడు మనము. కనుక అల్పసంఖ్యాకుల బాధ యెట్టిదో ఈ జిల్లాలో ఉభయులకును తెలియును. భాషాహక్కును గూర్చి మనము పలుకునప్పుడు ఎదుటివానిని శత్రువుగా తలంపనక్కరలేదు. వారి తాతలు పలికిన మాటలనే మనము పలుకుచున్నాము.

ఈ జిల్లాతో సంబంధము గల ఇరువురు పెద్దలను ఇచ్చట స్మరింపవలెను. గిడుగు వేంకట రామమూర్తి గారు 1880 నుండి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. కొండలలోని సవరల భాషను స్వయముగా నేర్చి, దానికి పాఠ్యపుస్తకములు, వ్యాకరణము, నిఘంటువు సమకూర్చిరి. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకు శ్రమించిరి. పాఠశాలలలో వాడుకభాషకు స్థానము కావలెనని పండితులతో దశాబ్దముల తరబడి వాదించినదియు వారే. ఈ వ్యాసమునందలి గ్రాంథికపు పోకడను చూచినచో మమ్ము సున్నితముగా మందలించియుందురు! సవరల పక్షమున న్యాయము చెప్పుటకు నాడు పట్టణములలో సవరలు లేరు. గిడుగువారు వారిపై చేయి వేసి మాట పలికిరి. రోమనులు “అసెర్టోర్” అన్న పదమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు తోచదు.

రెండవ వారు వరాహగిరి వేంకటగిరి గారు. 1894లో మన బరంపురముననే జన్మించిరి. కార్మికసంఘముల నాయకులై, 1952లో కేంద్రమున కార్మికశాఖామంత్రి యైరి. బ్యాంకు ఉద్యోగుల విషయమున న్యాయాధికరణము ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చగా, దానికి సమ్మతింపక 1954లో మంత్రిపదవిని వదలుకొనిరి. 1969లో భారత రాష్ట్రపతి యైరి. పదవిని విడుచుట కూడ ఒక ఉద్ఘాటనమే. గొంతు పెంచకయే మాట నిలుపుకొనవచ్చునని ఆ రాజీనామా నేర్పుచున్నది.

ఇప్పుడు తలిదండ్రులకు పనికివచ్చు భాగము. మన రాజ్యాంగము భాషాల్పసంఖ్యాకులకు కొన్ని రక్షణలు ఇచ్చినది. 29వ అధికరణము ప్రత్యేకభాష గల పౌరులకు దానిని కాపాడుకొను హక్కు ఇచ్చుచున్నది. 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొను హక్కు ఇచ్చుచున్నది. 350వ అధికరణము ప్రకారము ఎవరైనను తమ కష్టము తీర్చుమని, కేంద్రమున గాని రాష్ట్రమున గాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను సంబంధిత అధికారికి విన్నవించుకొనవచ్చును. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన 350-ఎ అధికరణము, ప్రాథమికదశలో మాతృభాషయందు బోధనకు తగిన సౌకర్యములు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. 350-బి ప్రకారము భాషాల్పసంఖ్యాకుల కొఱకు ఒక ప్రత్యేకాధికారి ఉండవలెను.

వీనిని ఉన్నంత వరకే చెప్పవలెను. 350-ఎ ప్రాథమికదశను గూర్చినది. ఉన్నత పాఠశాలకు దానిని చూపినచో అధికారి ఒక్క మాటతో త్రోసివేయును. 350 విన్నపమును ఏ భాషలో ఇయ్యవచ్చునో చెప్పినది గాని, జవాబు ఆ భాషలోనే రావలెనని చెప్పలేదు. ఉన్న హక్కును గోరంత తగ్గించి చెప్పినచో నష్టము; కొండంత పెంచి చెప్పినచో అంతకంటె నష్టము. కొలతతో చెప్పిన మాటనే “అసర్షన్” అనవలెను.

ఒక నిత్యజీవితపు ఉదాహరణముతో దీనిని స్పష్టము చేయుదము. మన ఇంటిపేరు ముందు వచ్చును. ఇచ్చటి వాడుకలో వంశనామము చివర వచ్చును. అందుచేత రిజిస్టరులో పిల్లల పేరు తారుమారగుట సంభవించును. ఒక బాలిక పేరు ఇట్లు తప్పుగా వ్రాయబడినదనుకొందము. తల్లి మొగమాటమున ఊరకున్నచో, ఆ తప్పే ప్రవేశపత్రమునకు, అచ్చట నుండి పరీక్షాపత్రమునకు ప్రాకును. తండ్రి వెళ్ళి “మీరు తెలుగువారి పేర్లను కావలెననియే పాడుచేయుచున్నారు” అని అరచినచో, అది ఉద్ఘాటన కాదు, ఆరోపణ. గుమాస్తా తన్ను తాను కాపాడుకొనుటకు చూచును గాని పేరు సరిచేయుటకు చూడడు.

అట్లు గాక, “అయ్యా, మా అమ్మాయి పేరు రిజిస్టరులో తారుమారైనది. జన్మపత్రములో ఇట్లున్నది, నకలు తెచ్చితిని. ఫారములు పంపక ముందే సరిచేయింప ప్రార్థన” అని చెప్పినచో నాలుగు పనులు జరిగినవి: తప్పు ఏదో తెలిపినారు, ఆధారము చూపినారు, ఏమి కావలెనో కోరినారు, ఎప్పటిలోగా కావలెనో చెప్పినారు. ఎవరిని నిందింపలేదు, ఎవరికిని లొంగలేదు. ఇదే విషయమును కాగితముపై వ్రాసి, తేదీ వేసి, అందినట్లు సంతకము తీసికొనుట మరింత మేలు. ఆ బాలిక పెద్దదైనచో ఆమెనే ముందు నిలిపి చెప్పింపవలెను; తల్లి ప్రక్కన నిలువవలెను.

ఈ పద్ధతిని తరగతిలో కూడ అభ్యసింపవచ్చును. పాఠము అర్థము కానప్పుడు “మాస్టారూ, రెండవ మెట్టు నాకు తెలియలేదు, దయచేసి మరల చెప్పుడు” అనుట సిగ్గుపడదగిన పని కాదు. తోటివాడు తన భాషను వెక్కిరించినప్పుడు ఏడ్చుటయు వలదు, కొట్టుటయు వలదు. “ఇది మా ఇంటి భాష. నీ భాషను నేను నేర్చుకొంటిని, నా భాషను నీవు గౌరవింపుము” అని నిదానముగా చెప్పవలెను. ఈ మాటను తెలుగునను, ఒడియాలోను, ఆంగ్లమునను చెప్పగలిగిన పిల్లవాని ఎదుట వెక్కిరింత ఎంతో సేపు నిలువదు.

పెద్దలకు మా మనవి యొక్కటే. పిల్లలు ఇంట ప్రశ్నించినప్పుడు “నోరు మూయుము” అని అణచివేసి, బయట మాత్రము ధైర్యముగా మాటలాడవలెనని ఆశించుట తగదు. ఇంట తన మాట చెప్పుకొన నేర్చిన బిడ్డయే కచేరీలో చెప్పుకొనగలదు. విద్యార్థులకు మా మనవి రెండు. మొదటిది, తెలిసిన దానిని తెలిసినంత వరకు, ఆధారముతో, తల వంచక చెప్పుడు. రెండవది, మీ కంటె నోరు లేని వాడు మీ తరగతిలో ఒకడుండును. అతడు ఏ భాషవాడైనను, అవసరమైన నాడు అతని భుజముపై చేయి వేసి అతని పక్షమున ఒక్క మాట పలుకుడు. “అసర్ట్” అను క్రియకు అర్థము మీకు పూర్తిగా తెలిసినదని ఆనాడు మేము సంతోషింతుము.